తీసేసిన ఫోను ఎత్తిందెవరు?

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్ళను చూస్తే చిరాకు కూడా. బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికినవాణ్ణి నేను. తీగ తెగితే కరెంటు పారదు, నా చదువంతా అంతే. ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు తటపటాయించిందీ అందుకే.

మొన్న మా అమ్మాయి సిమ్ కంపెనీ మార్చింది. నంబరు మాత్రం పాతదే ఉంచుకుంది. అదేమంత విశేషం కాదన్నట్టు చెప్పేసి లోపలికి వెళ్ళిపోయింది. అలాంటి ఒక నంబరు కోసం మా ఇంట్లో అన్నం మానేసిన రోజులున్నాయి.

కువైట్‌లో యుద్ధం వచ్చిన ఏడాది అది. మాది ఎల్లారెడ్డి. అక్కడ మా బాపుకు ఎరువుల దుకాణం, అందులో ఒక ఫోను ఉండేవి. కువైట్‌లో డ్రైవరుగా చేసే మా అన్న నెలకోసారి ఆ నంబరుకే చేసేవాడు. బాపు చనిపోయాక దుకాణం ఎత్తేశాం. నాకు మోటార్ల పని ఎక్కువగా దొరికేది కామారెడ్డిలో కాబట్టి అవ్వను తీసుకుని అక్కడికి మారిపోయాను. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం.

మారేటప్పుడు అవ్వది ఒకటే పట్టు, నంబరు కూడా వెంట తీసుకుపోదామని. మంచం, బీరువా లాగా అది కూడా బండిలో వేసుకునే సామాను అనుకుంది. ఆమె పోరు పడలేక ఫోను ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

"నంబరు నీదనుకున్నవా? ఊరిది. ఊరు మారితే పోతది" అన్నాడు.

లైన్‌మన్ వచ్చి ఫోను విప్పి పట్టుకుపోయాడు. మా అదృష్టం కొద్దీ కామారెడ్డిలో కొత్త ఫోను తొందరగానే వచ్చింది. ఆ నంబరు రాసి అన్నకు ఉత్తరం వేశాను. అది చేరేలోపే యుద్ధం మొదలై టపా ఆగిపోయింది.

ఇక అవ్వ రేడియో దగ్గర నుంచి లేవలేదు. అన్నం ముందు కూర్చుని కలిపేది, తినేది కాదు.

"వాడు చేస్తే పాత నంబరుకే చేస్తడు. ఆడ ఎవలున్నరురా ఎత్తనీకి?" అనేది.

ఆపరేటరు ఉన్న రోజుల్లోనైతే ఆయనకు ఒక మాట చెప్పి ఉంచేవాణ్ణి. అప్పటికే ఎల్లారెడ్డిలో డయల్ తిప్పే ఫోన్లు వచ్చేశాయి, మధ్యలో మనిషి లేడు. అన్న బతికి ఉన్నాడో లేడో తెలియదు. బతికి ఉన్నా మాకు ఆ సంగతి చెప్పే దారి లేదు.

ఒక మధ్యాహ్నం వాన పడుతుండగా కొత్త ఫోను మోగింది. ఎత్తింది అవ్వే.

"అవ్వా, నేనే. మంచిగున్న. జోర్డాన్‌కు వచ్చిన. విమానంల బొంబాయికి పంపుతరట."

అవ్వ ఏడుస్తూ రిసీవర్ నా చేతికిచ్చింది. నేను అడిగిన మొదటి మాట, ఈ నంబరు నీకెలా దొరికిందని.

"పాత దానికే చేసిన. ఎవరో పెద్దమనిషి ఎత్తి ఇది చెప్పిండు" అన్నాడు. అంతలో లైను కట్ అయింది.

మా నంబరు మమ్మల్ని ఎరిగిన ఇంకెవరికో ఇచ్చి ఉంటారనుకున్నాను. ఆ పుణ్యాత్ముడికి ఇద్దామని మిఠాయి కొనుక్కుని మర్నాడే ఎల్లారెడ్డి బస్సెక్కాను. దుకాణానికి తాళం అలాగే ఉంది. లైన్‌మన్ కనిపిస్తే అడిగాను.

"ఆ నంబరు ఎవ్వలికీ ఇయ్యలే. తీగ గూడ గుంజేసిన, సూడు" అని స్తంభం వైపు చూపించాడు.

చూశాను. స్తంభం నుంచి మా దుకాణానికి తీగ లేదు. తెలిసిన నాలుగిళ్ళలో అడిగాను, ఎవరూ ఎత్తలేదన్నారు. మిఠాయి ఎవరికివ్వాలో తోచక లైన్‌మన్ చేతిలోనే పెట్టాను. ఎందుకో తెలియకపోయినా తీసుకున్నాడు.

అన్న చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఆ రోజు అవ్వ అతని కంచంలో వడ్డిస్తూనే ఉంది. అన్నం తింటుంటే ఆ ఫోను సంగతి మళ్ళీ ఎత్తాను.

"లైన్ల ఒకటే గరగర. ఎనకనుంచి జనం నూకుతున్నరు. ఎవలు మీరంటే, ముందు రాస్కో బిడ్డా అన్నడు. నంబరు చెప్పి, ఆఖర్ల ఏక్ కమ్ సాఠ్ అన్నడు" అన్నాడు అన్న.

అన్నాక, నోటి దాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాడు.

మా కొత్త నంబరు చివర యాభై తొమ్మిది. బాపు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు, లెక్క ఎప్పుడూ ఉర్దూలోనే చెప్పేవాడు. ఒకసారి ఫోనులో యూరియా బస్తాలు చెబుతూ నలభై తొమ్మిదికి ఉన్చాస్ అనబోయి ఉన్తాలీస్ అన్నాడు. అంటే ముప్పై తొమ్మిది. నాట్ల అదునులో పది బస్తాలు తక్కువొచ్చి రైతులు దుకాణం మీదికి వచ్చారు. అప్పటినుంచి తొమ్మిదితో ముగిసే ఏ లెక్కనైనా ఆయన ఒకటి తక్కువ నలభై, ఒకటి తక్కువ యాభై అనే చెప్పేవాడు. ఏక్ కమ్ సాఠ్ అంటే ఒకటి తక్కువ అరవై. ఉర్దూ చదివిన మిగతా పెద్దలంతా దాన్ని ఉన్సఠ్ అనేవాళ్ళు. ఇలా తిప్పి చెప్పే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఆ నంబరు పుట్టకముందే బాపు పోయాడు. క్రాస్ కనెక్షన్ అనుకుందామా అంటే, అలా తగిలిన మనిషికి మా కొత్త నంబరు ఎలా తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. నాకు అంతుపట్టలేదు, పడుతుందన్న ఆశ కూడా లేదు. అబద్ధమెందుకు, ఆ పూట నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది, గుండె తేలికైంది.

అవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు. అన్న కంచంలోకి ఇంకో గరిటె పప్పు వంచుతూ అడిగింది.

"నేనెట్లున్ననో ఏమన్న అడిగిండా?"

"లేదవ్వా, నంబరే చెప్పిండు."

"ఎన్నడడిగిండు గనుక!" అని విసుక్కుంది. ఆ వెంటనే ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తనూ ఒక కంచం తెచ్చుకుని, అన్న పక్కన కూర్చుని, కడుపునిండా తిన్నది.