వంజరం ఎవరి గడపకు

సిలువదాసన్‌కు కడుపుమంట పట్టుకుని మొన్న ఈస్టరుకు ఏడాది నిండింది. ఆ మంట పేరు లియోన్స్.

అంతకుముందు కొచ్చుతుర తీరంలో ఏ పడవ ఇంజను మొరాయించినా సిలువదాసన్ రేకుల షెడ్డు ముందుకే వచ్చేది. అందరూ అతన్ని ఆశాన్ అనేవారు, పనికి గురువని. నయమైన ఇంజను మళ్ళీ సముద్రానికి వెళ్ళిన రోజు, పడ్డ చేపల్లో పెద్దది మెకానిక్ ఇంటికి పంపడం ఆ తీరపు మర్యాద. కూలి వేరు, ఆ చేప వేరు. తాడుకు గుచ్చి, నలుగురూ చూసేలా ఇసుకలో మోసుకొచ్చేవారు. సిలువదాసన్ భార్య ఫిలోమిన గడపలో నిలబడి "ఇవన్నీ ఎందుకర్రా" అంటూనే చెయ్యి చాపేది.

ఇంతలో మస్కట్‌లో చాలాకాలం బోట్ల దగ్గర పనిచేసిన లియోన్స్ ఊరికి తిరిగొచ్చి, మూడిళ్ళ అవతల షాపు తెరిచాడు. టైల్సు నేల, గోడకు వరసగా పానాలు, ఇంజనును బిగించి నడిపి చూడ్డానికి నీళ్ళ డ్రమ్ము.

"పానాలకు పెళ్ళిచూపులు పెట్టాడు. పనెప్పుడు చేస్తాడో!" అని సిలువదాసన్ టీకొట్టులో అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు.

అప్పటినుంచి వంజరాలు అతని గుమ్మం దాటి లియోన్స్ గుమ్మానికి పోతున్నాయి. పోనీ లియోన్స్ పొగరుబోతు అయినా బాగుండేది. ఎదురుపడ్డప్పుడల్లా లేచి నిలబడి "ఆశాన్, బాగున్నారా?" అంటాడు. ఆ మర్యాదకు సిలువదాసన్‌కు ఒళ్ళు మండిపోయేది.

ఇవన్నీ ఓర్చుకున్నాడు గానీ, ఫిలోమిన సొంత తమ్ముడు పనియడిమ తన ఇంజను తీసుకెళ్ళి లియోన్స్ డ్రమ్ములో దించిన రోజు అతనికి ముద్ద దిగలేదు.

"నీ తమ్ముడి కంటికి బావ ఆనలేదా?"

"ముందు నీ దగ్గరికే వచ్చాడుగా. 'కొత్త షాపుందిగా, అక్కడికే పో' అన్నదెవరు?"

"అన్నాను. అంటే పోవడమేనా? రెండోసారి బతిమాలకూడదూ?"

ఫిలోమిన నుదురు కొట్టుకుంది.

ఇంజనుకు జబ్బేమిటో పనియడిమ టీకొట్టులో అందరికీ చెప్పుకున్నాడు. సిలువదాసన్ వీపు తిప్పి కూర్చున్నాడు గానీ చెవులు అటే ఉన్నాయి.

"ఒడ్డున బంగారంలా నడుస్తుందన్నా. లోతుకు పోయి స్పీడు పెంచామా, ఊపిరాడనట్టు గొంతు పడిపోతుంది. ట్యాంకునుంచి వచ్చే గొట్టం మధ్య రబ్బరు బుడ్డి చొట్టపోయి ఉంటుంది. దాన్ని పిసికితే కాస్త లేస్తుంది, మళ్ళీ పడుతుంది. కిరసనాయిలు అయిపోయిందేమోనని ట్యాంకు మూత తీస్తే నిండుగా ఉంటుంది. మూత పెట్టి తాడు లాగితే ఏమీ ఎరగనట్టు పరిగెడుతుంది. అదీ కాసేపే."

లియోన్స్ చెయ్యని పని లేదు. నూనెలో నీళ్ళు కలిశాయేమోనని గాజుసీసాలో పోసి తేటపడనిచ్చి చూశాడు. ఫిల్టరు మార్చాడు, కార్బురేటరు విప్పి కడిగాడు, నూనె పంపులో పొర కొత్తది వేశాడు. షాపులోని ట్యాంకుతో నడిపితే డ్రమ్ములో ఇంజను చక్కగా పాడింది. సముద్రంలో మళ్ళీ అదే కథ.

సిలువదాసన్ చేతిలో గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది. మూత తీయగానే తేరుకునే ఇంజనుకు జబ్బు ఇంజనులో ఉండదు. ట్యాంకులోంచి ఎంత నూనె పోతే అంత గాలి లోపలికి రావాలి. గాలికి దారి లేకపోతే నూనె రానని మొండికేస్తుంది. దారి ఉండేది మూతలోనే.

సాయంత్రం ఊరికే నడుస్తున్నట్టు పనియడిమ పడవ పక్కగా వెళ్ళి ఓరకంట చూశాడు. అనుకున్నంతా అయింది. మట్టల ఆదివారం నాడు గుడిలో ఇచ్చే కొబ్బరాకు సిలువను అందరూ పడవ ముక్కుకు కడతారు. సిలువదాసన్ అత్తగారు మాత్రం, పోయినేడు కల్తీ నూనెతో కొడుకు పడ్డ పాట్లు తలుచుకుని, నూనె పోసేచోటే దీవెన ఉండాలని ట్యాంకు మూత మీదే అతికించింది. అతికించింది దేనితో? అంతోనీ వారి గుడి కొవ్వొత్తి మైనంతో. మైనం కారి గాలిరంధ్రంలో గడ్డకట్టింది.

చెబితే క్షణంలో పని. చెప్పలేదు. "వచ్చి అడిగితే చెబుతా" అనుకున్నాడు. లియోన్స్ తలపట్టుకుని కూర్చోవడం చూస్తుంటే చాన్నాళ్ళకు కంటినిండా నిద్రపట్టింది కూడా.

శనివారం పనియడిమ ఇంజను రాళ్ళగుట్ట దగ్గర చచ్చిపోయింది. ప్రవాహం పడవను రాళ్ళ మీదికి లాక్కుపోతుంటే వేరే పడవ తాడు విసిరి కాపాడింది. ఫిలోమిన ఒడ్డున కూలబడి ఏడ్చింది. సిలువదాసన్ ఆమె పక్కకు వెళ్ళాడు. ఇప్పుడు చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే ఎవడో ఒకడు అడుగుతాడు, ఎప్పట్నుంచి తెలుసని.

ఆదివారం వేటకు ఎవరూ పోరు, అందరూ పూజలో ఉంటారు. ప్రసంగం మధ్యలో అతను మెల్లగా బయటికి జారుకుని, సానపట్టిన సైకిల్ చువ్వతో రంధ్రంలో మైనమంతా గీకేశాడు. దేవుడితో తగవెందుకని సిలువను ట్యాంకు పిడికి రాగితీగతో భద్రంగా కట్టి వచ్చాడు.

సోమవారం పడవ నిండుగా వచ్చింది. పనియడిమ భుజాన మూరెడు వంజరం వేలాడుతోంది. సిలువదాసన్ తనకు తెలియకుండానే లేచి చొక్కా సర్దుకున్నాడు.

"బావా, చూశావా! లియోన్స్ వైద్యం ఆలస్యంగా పట్టింది గానీ గట్టిగా పట్టింది!" అని కేకేసి, పనియడిమ ఆగకుండా ముందుకు పోయాడు.

కాసేపటికి అదే చేప తిరిగి గుమ్మంలోకి వచ్చింది. ఈసారి లియోన్స్ చేతిలో.

"ఇది మీది ఆశాన్. శనివారమే నేను చేతులెత్తేశాను. ఆ తర్వాత ఇంజను ముట్టలేదు. ఇందాక వెళ్ళి చూస్తే పడవ అడుగున మైనం పొట్టు ఉంది. సిలువ రాగితీగతో కట్టి ఉంది. ఆ మెలిక ఈ తీరంలో ఇంకెవరు వేస్తారు?"

వెటకారమేమైనా ఉందేమోనని సిలువదాసన్ ఆ మొహంలో వెతికాడు. ఇసుమంత కూడా లేదు. అదే అతనికి గిట్టలేదు. పని వాడికే, పేరు వాడికే. ఇప్పుడు మంచితనం కూడా వాడికేనా? చేప అందుకుంటే, బావమరిది రాళ్ళకేసి కొట్టుకుపోతుంటే అన్నీ తెలిసి నోరు మూసుకున్నానని ఒప్పుకున్నట్టే.

"నాకేం తెలీదు. ఆదివారం నేను పూజలో ఉన్నాను. పట్టుకుపో."

లియోన్స్ చేప పట్టుకుని, "సరే ఆశాన్" అని వెళ్ళిపోయాడు.

పులుసుకని ఫిలోమిన నానబెట్టిన చింతపండు గిన్నెలోనే ఉండిపోయింది. ఉడికించిన కర్రపెండలం, పచ్చిమిరప కారం అతని ముందు పెట్టింది. మూడిళ్ళ అవతలినుంచి వంజరం వేగుతున్న వాసన వచ్చింది.

"మసాలా మాడ్చేశారు," అన్నాడు సిలువదాసన్.

ఫిలోమిన ఎదురుగా కూర్చుంది.

"ప్రసంగం మధ్యలో నువ్వు లేచి వెళ్ళడం నేను చూశాను," అంది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

పెండలం ముక్కను కారంలో ముంచాడు. ముంచిన ముక్క నోటిదాకా రాలేదు.