పంతొమ్మిదేళ్ళకి నన్ను రిటైర్ చేసినాయన

పోయిన నెల ఒక పొద్దున్న వైశాలి నగర్ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య నిద్దర్లోనే ఎలిపోనారమ్మా" అంది. మాకు రక్తసంబంధం లేదు. ఒకప్పుడు హిందీ మాట్లాడే ఈ స్టీల్ ప్లాంటు ఊళ్ళో, సెక్టర్ 6లో మా పక్క క్వార్టర్ వాళ్ళు. నాకు టెన్నిస్ నేర్పింది ఆయనే.

ప్లాంటులో నైట్ డ్యూటీ దిగి సైకిల్ మీద తిన్నగా కోర్టుకే వచ్చేవారు. మట్టికి నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసి, అప్పుడు నన్ను పిలిచేవారు. పొగడటం ఆయనకి చేతకాదు. నేను రాష్ట్ర ఛాంపియన్ అయిన రోజు కూడా "సర్వీసు పర్వానేదు. కాళ్ళే బద్దకం" అన్నారు.

పంతొమ్మిదో ఏట నా కుడి భుజం పోయింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇక ఆడొద్దన్నాడు. అంతవరకు మా ఇంట్లో వచ్చేపోయే జనానికి టీలు పెట్టలేక అమ్మ విసుక్కునేది. ఆ తర్వాత ఒక్కరు గుమ్మం తొక్కలేదు. బజార్లో కనబడితే మాత్రం "అబ్ క్యా కర్ రహీ హో?" అని అడిగేవారు. ఏం చేస్తున్నానని చెప్పను? బయటికి వెళ్ళడమే మానేశాను.

మా ఊళ్ళో ఆఖరి డ్యూటీ దిగిన మనిషికి తోటివాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఇంటిదాకా దిగబెడతారు. ఒక సాయంత్రం మావయ్య నన్ను కోర్టుకి రమ్మన్నారు. వెళ్తే బంతిపూల దండ, శాలువా, మిఠాయి డబ్బా. వేరే ఎవరూ లేరు, ఆయనొక్కరే. దండ వేసి, సైకిల్ నడిపించుకుంటూ నా పక్కనే మా గుమ్మందాకా వచ్చారు.

అమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఈ ఈడు పిల్లకి రిటైర్మెంటేటన్నయ్యా? నలుగురూ నవ్వరా?"

"ఒళ్ళరిగేదాకా పని సేసింది, సెల్లీ. సెప్పకుండా మాయమైపోడానికి దొంగతనం సేసిందేటి?"

దెబ్బ తగిలాక మొదటిసారి ఆ రోజే కరువుతీరా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టారు. "రిటైరైంది కుడిసెయ్యి. ఎడంసెయ్యి డ్యూటీకి రామ్మా." ఎడమచేత్తో నా ఆట చూసినవాళ్ళెవరైనా నవ్విపోతారు. ఆయనకా, మోకాళ్ళు వంగవు. అయినా ఏళ్ళ తరబడి అలాగే ఆడాం. స్కోరు లెక్కపెట్టలేదు. ఆ కాసేపూ నేను ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఈ ఊళ్ళో నాకంటూ ఉన్న మనిషి ఆయనొక్కరే.

దినకార్యాలు అయిపోయాక నిన్న కోర్టుకి వెళ్ళాను. ఎడమచేత్తో సర్వీసు చేశాను. బంతి వల దాటి, అవతల కంచెకి తగిలి ఆగిపోయింది. కాసేపు నిలబడ్డాను. తర్వాత నేనే అటు నడిచి వెళ్ళి తెచ్చుకున్నాను.