బొట్టు పెట్టిన ఆటోపైలట్

విమానం నడపడం గురించి మా వైపు నేను చెప్పిన అబద్ధాలన్నీ పరిస్తే, పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా రోడ్డు పడుతుంది. గండికోట లోయలోకి దిగి, పెన్నలో విమానం చక్రాలు కడుక్కుని లేచానని జమ్మలమడుగులో చెప్పాను. అరటితోటల మీద తక్కువ ఎత్తున పోతూ కిటికీలోంచి గెల తెంపుకున్నానని పులివెందులలో చెప్పాను. నమ్మినవాళ్ళున్నారు. గెల పచ్చిదా, పండిందా అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

నిజం ఇంత గొప్పగా ఉండదు. చక్రాలు నేల విడిచిన కాసేపటికి ఆటోపైలట్ మీట నొక్కుతాను. ఆ తర్వాత విమానాన్ని అదే తీసుకుపోతుంది. నేను దానికి దారి చెబుతాను, ఎక్కడైనా తప్పుతోందేమోనని కాపలా కాస్తాను, పెరుగన్నం తింటాను.

ఆ సుఖమే నా చేతులకు తుప్పు పట్టించింది. హైదరాబాదులో అప్పుడప్పుడూ మాకు పరీక్ష ఉంటుంది. నేల మీదే ఉండి అచ్చం విమానంలా ఊగే సిమ్యులేటర్‌లో కూర్చోబెడతారు. పోయినసారి పరీక్షాధికారి ఆటోపైలట్ ఆపేసి, "చేత్తో దించండి" అన్నాడు. నా విమానం కల్లంగడి నుంచి ఇంటికి పోయేవాడిలా రన్‌వేకు చేరింది. పాస్ చేశాడు గానీ, "ఇంకోసారి ఇలాగైతే సంతకం పెట్టను" అన్నాడు. సంతకం లేకపోతే నేనూ టికెట్ కొనుక్కుని ఎక్కాల్సినవాణ్ణే.

మళ్ళీ పరీక్ష దసరా వెళ్ళగానే పడింది. సెలవు పెట్టి ప్రొద్దుటూరులో అక్క ఇంట్లో దిగాను. బావకు ఊళ్ళో బంగారం అంగడి. మేడమీద గదిలో గోడకు కాక్‌పిట్ బొమ్మ అతికించాను, మీటలన్నీ అసలు కొలతల్లో ఉండే పెద్ద బొమ్మ. దాని ముందు కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో పప్పుగుత్తి తిరగేసి పట్టుకుని, అదే విమానాన్ని తిప్పే కర్ర అనుకునేవాణ్ణి. బొమ్మల ముందు ఇలా సాధన చేసే పైలట్లు చాలామందే ఉన్నారు. పప్పుగుత్తి మాత్రం నా సొంతం. బొమ్మలో ముళ్ళు కదలవు కాబట్టి, విమానం ఏమవుతోందో బావ పక్కన కూర్చుని చెప్పేవాడు.

ఆయుధపూజ నాడు మేడెక్కేసరికి ఆటోపైలట్ మీట మీద పసుపూ కుంకుమా! గోడవారన నిమ్మకాయ. మిగతా బొమ్మంతా మామూలుగానే ఉంది.

"ఇదేందక్కా?"

"ఈ పొద్దు ఆయుధపూజ గదరా. మీ బావ తక్కెడకు పెట్టినా, బండికి పెట్టినా, దీనికీ పెట్టినా."

"పెడితే అన్నిటికీ పెట్టల్ల గదా?"

"పని చేసేదానికి గదా పూజ! అంతా అదే చేస్తాది, నేను పెరుగన్నం తింటానని నువ్వే చెప్తివి. నీకు యాడ పెట్టేది బొట్టు, మూతికా?"

బావ గోడకానుకుని నవ్వాడు. మా ఇళ్ళలో పూజ అందుకున్న పనిముట్టుకు ఆ రోజంతా విశ్రాంతి. ఎవరూ తాకరు. బావ తక్కెడ కూడా మర్నాటి దాకా కదలదు.

"అంటే నీ ఆటోపైలట్‌కు ఈ పొద్దు సెలవప్పా," అన్నాడు బావ. "కూచో. కర్ర పట్టు."

కూర్చున్నాను. అక్క వడలకు అలసందలు తెచ్చుకుని నా పక్కనే చేటలో ఏరుతోంది. కడప విమానాశ్రయంలో దిగుతున్నాం, ఆకాశం తేటగా ఉంది అన్నాడు బావ. అంతలోనే గొంతు మార్చాడు.

"పక్కగాలి కొడతాండాది. ముక్కు పైకి పోతాంది, స్పీడు తగ్గుతాంది బామ్మర్దీ!"

నా కుడిచెయ్యి దానంతటదే బొట్టున్న మీటవైపు పోయింది. అక్క చేట అంచుతో ఒక్కటేసింది.

"దేవుని పొద్దురా! తాకొద్దు."

మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ ఇబ్బంది రాగానే చెయ్యి అక్కడికే పోయింది, మళ్ళీ చేట పడింది. అప్పుడు గాని నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ సాధన చేస్తున్నాననుకున్నాను, కష్టమొచ్చిన ప్రతిసారీ బొమ్మ మీద కూడా ఆ మీట నొక్కే గట్టెక్కుతున్నాను.

మధ్యాహ్నానికి చెయ్యి దారికొచ్చింది. ముక్కు కాస్త దించడం, ఇంజను బలం కాస్త పెంచడం, ఆగి చూడడం, మళ్ళీ సరిచెయ్యడం. బావకు ఊపొచ్చి రన్‌వే మీదికి గేదెల మందను తోలాడు.

"ఎయిర్‌పోర్టులోకి ఎనుములు యాడ నుంచి వచ్చినాయి బావా?"

"పెన్నలో చక్రాలు కడిగినోనివి, ఎనుములకు భయపడతాండావా?"

విమానాన్ని మళ్ళీ పైకి లేపి, ఊరంతా చుట్టి వచ్చి, ఎనుములు పోయాక చేత్తోనే దించాను.

హైదరాబాదులో పరీక్షాధికారి పక్కగాలి పెట్టి, ఆటోపైలట్ ఆపేశాడు. నా కుడిచెయ్యి లేవబోయి, ఇంజను మీటల మీదే ఆగిపోయింది. విమానం కాస్త గట్టిగానే దిగింది, కానీ నడిమి గీత మీద దిగింది. ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టాడు.

బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, రెండు ఇంజన్లూ ఆగిపాయ, పైన ఉరుములు, కింద..."

"అయ్యన్నీ మీ బావకు చెప్పుకో. ఉద్యోగం ఉండాదా, పాయనా?"

"ఉండాదక్కా."

"నిజంగానా?" అంది, గొంతు తగ్గించి. నిజమేనని రెండుసార్లు చెప్పినా నమ్మలేదు. సంతకం ఫొటో తీసి పంపాక గాని ఫోన్ పెట్టలేదు.