నిలబెట్టిన ఫోటో

జమ్మికుంటలో ఓ ఫ్లెక్సీ షాపులో డిజైన్ పని చేస్తాను. పోయిన ఎండాకాలం ఒకామె వచ్చింది. గల్ఫ్‌లో బిల్డింగ్ మీది నుంచి పడి చనిపోయిన తమ్ముడి దినాలకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలంది. అతన్ని పంపిన ఏజెంటు కూడా వెంట వచ్చాడు.

ఆమె దగ్గరున్నది ఒక్కటే ఫోటో. అక్కడ కూలీలుండే క్యాంపు గదిలో మంచం మీద పడుకుని దిగిన సెల్ఫీ.

"పండుకున్నట్టు వద్దక్కా, జర నిలవడ్డట్టు చెయ్" అంది.

ఫోటోను తిప్పడానికి మూల పట్టుకుని మౌస్‌తో లాగాను. బొమ్మ ఏ చుక్క చుట్టూ తిరుగుతుందో ఆ చుక్క పక్కకు జరిగి ఉందని చూసుకోలేదు. ఫోటో గిర్రున తిరిగి, తలకిందులై, పేజీ కిందికి పోయింది.

"అయ్యో, మా తమ్ముడు మళ్ల పడ్డడు!" అని ఆమె కేక పెట్టింది. చుక్కను నడుమకు తెచ్చి, అతన్ని మెల్లగా లేపి, తల కింది దిండు చెరిపేశాను.

ఆమె కళ్లు తుడుచుకోకముందే ఏజెంటు తన ఫోన్ నా ముందు పెట్టాడు.

"కింద నాది గూడ పెట్టు మేడం. దండం పెట్టింది ఉన్నది."

పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. ఆయన ఫోటోను తిప్పే పనే పడలేదు. నిటారుగా నిలబడి దిగాడు.