కుర్రులో మూడో వాటా

నా చిన్నప్పుడు మా ఊరికి దారి ఉండేది కాదు, పడవ ఉండేది. గోదావరి రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట, నీళ్ల నడుమ పద్నాలుగు ఇళ్ల కుర్రు మాది. ఇవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా, అవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా. మీది ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే మా పెద్దవాళ్లు నవ్వేవారు. ఇటు కచేరీకి పోతే మీరు అటు అనేవారట, అటు పోతే మీరు ఇటు అనేవారట. నిజాం పాలన పోయి కొన్నేళ్లు గడిచినా మా కుర్రు ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

కాగితం లేదన్న బెంగ మాకెవరికీ ఉండేది కాదు. ఇల్లు కట్టినవాళ్లది, చెట్టు పెట్టినవాళ్లది, వల అల్లినవాళ్లది. నేల మాత్రం అందరిదీ. వానకాలంలో గోదావరి మా ఇళ్లున్న రాతిగడ్డను వదిలి మిగతా కుర్రునంతా ముంచేది. దసరా వెళ్లాక నీళ్లు తీస్తే, నిరుడు జొన్న పండిన చోట ఇసుక మేట, నిరుడు పడవ నడిచిన చోట నల్లటి ఒండ్రు కనిపించేవి. అందుకని ఆ కొత్త నేలను ఏటా కొత్తగా పంచుకునేవాళ్లం.

కొలిచే పని మా బాపమ్మది. బాపు అంటే మా నాన్న, ఆయన్ను కన్న తల్లి ఆమె. పొట్టి మనిషి, గట్టి గొంతు. జనుపతాడు పట్టుకుని పొద్దున్నుంచి నడిచి, నేలను పద్నాలుగు వాటాలు చేసి గూటాలు పాతించేది. తర్వాత ప్రతి ఇంటివాళ్లూ తమ గురుతును ఒక కుండలో వేసేవారు. ఒకరిది చింతగింజ, ఒకరిది వలకు కట్టే గుండు, ఒకరిది అంగీ గుండీ. మాది గవ్వ. బాపమ్మ వాటాలను వరసగా పిలుస్తుంటే ఒక చిన్నపిల్ల కుండలో చెయ్యి పెట్టి ఒక్కో గురుతు తీసేది. ఎవరి గురుతు వస్తే ఆ వాటా వాళ్లది. వచ్చే ఏడు మళ్లీ మారుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా సంబరపడేవారు కాదు, ఏడ్చేవారూ కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మాత్రం అది మారింది. భూములు కొలిచే సారు మా కుర్రుకు వస్తున్నాడని, ఆ రోజు ఎవరు ఏ వాటాలో ఉంటే అది వాళ్ల పేరున ఎప్పటికీ రాసేస్తాడని ఒడ్డు మీద నుంచి కబురు వచ్చింది. ఆ ఏడు వరద కూడా పెద్దదే. మూడో వాటా పడే చోట మోకాలి లోతున ఒండ్రు నిలిచింది. చివరన పద్నాలుగో వాటా పడే తోకలో గడ్డి కూడా మొలవని ఇసుక. మనుషులు ఆ రెండు చోట్లకూ పోయి నిలబడి చూసి తిరిగి వచ్చేవారు. మా బాపు నెమ్మదస్తుడు. ఆయన కూడా అన్నం తింటూ, "గా మూడోది మనకు పడితే మన బతుకు ఒడ్డెక్కినట్టే" అన్నాడు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, చెయ్యి గంజిగిన్నె మీద ఆగిపోయింది.

ఆ ఏడు గురుతులు తీసే వంతు నాది.

నేను ముందుగా ఏమీ అనుకోలేదు. మొదటి వాటాకు చేతికి అందింది తీశాను, రెండోదానికీ అంతే. బాపమ్మ "మూడోది" అని పిలిచేసరికి చుట్టూ ఉన్నవాళ్లందరూ కుండ మీదికి వంగారు. అప్పుడు నా వేళ్లకు గవ్వ తగిలింది. దాని నున్నటి వీపు, పళ్లలాంటి నోరు నాకు బాగా తెలుసు. వదిలేసి వేరేది తీయవచ్చు. పట్టుకున్నాను. పైకి తీసి చూపిస్తే మా బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరి ఇసుక వాటా పక్కింటి చిన్నమ్మకు పడింది. ఆమె భర్త బెల్లంపల్లి బొగ్గుబావుల్లో పనికి పోయి ఏడాది దాటింది, కబురు లేదు. ఇద్దరు పసిపిల్లలు. రోజూ పొద్దున నాకు తల దువ్వి జడ వేసేది ఆమే, ఎందుకంటే మా అవ్వ చేప ఎండబెట్టే పనిలో ఉండేది. గురుతు పైకి రాగానే చిన్నమ్మ చిన్నవాణ్ని చంకకెత్తుకుని, "సరే, గదే మా పాలిటిది" అని ఇంటివైపు నడిచింది. నేను ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. కుండ ఖాళీ అయింది గానీ నా చెయ్యి మళ్లీ అందులోకే పోయింది.

సాయంత్రం పొయ్యి దగ్గర బాపమ్మ నన్ను పిలిచింది. గురుతులన్నీ మళ్లీ కుండలో వేసి, కళ్లు మూసుకుని ఒక్కొక్కటి పట్టుకుని అదేదో చెప్పమంది. ఆటే అనుకున్నాను. చింతగింజ, గుండీ, గుండు, పెంకు అంటూ పద్నాలుగూ చెప్పేశాను, ఒక్కటీ తప్పలేదు. కళ్లు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. అప్పుడు అర్థమైంది నేనేం చెప్పుకున్నానో.

"నీ చేతికి కండ్లున్నయి బిడ్డా" అంది బాపమ్మ. "తప్పు నీది కాదు. చేతికి కండ్లున్న పిల్లకు గంత పని ఒప్పజెప్పిన చూడు, గది తప్పు. బువ్వ తిను."

నేను తిన్నానో లేదో గుర్తులేదు.

తెల్లవారగానే బాపమ్మ అందరినీ పిలిచింది. కొలత తప్పిందని, వాటాలు మళ్లీ వేయాలని చెప్పింది. జనం గొణిగారు. పడవ నడిపే మామ ముందుకొచ్చాడు. మా కుర్రులో గట్టిగా మాట్లాడే మనిషి ఆయనే.

"ముప్పై ఏండ్ల సంది కొలుస్తున్నవ్ అత్తా. ఒక్కనాడు తప్పలే. ఇయ్యాల్నే తప్పిందా?"

"తప్పింది. తాడు నీళ్లల్ల పడి తడిసింది. తడిస్తే కురచైతది, చూసుకోలే. తప్పు నాదే" అంది బాపమ్మ.

నాకు తెలుసు, ఆ తాడు తడవలేదు. ముందురోజంతా దాని చుట్ట మోసింది నేనే. మా బాపు తల్లి ముఖంలోకి చూశాడు, తర్వాత నా ముఖంలోకి చూశాడు. పోయి గూటాలు పీకడం మొదలుపెట్టాడు. చేతికి వచ్చిన మూడో వాటాను ఆయన అలా తన చేతులతోనే తీసేశాడు.

మళ్లీ కొలిచారు. ఈసారి బాపమ్మ తడి ఒండ్రు తీసుకుని ప్రతి గురుతునూ ఒక ముద్దలో పెట్టి, అన్నీ ఒకే లావున చేసి కుండలో వేసింది. తీయడానికి ఎవరిని పిలుస్తుందోనని చూస్తున్నాను. నన్నే పిలిచింది. అందరిముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "తియ్యి" అంది. ఆ పద్నాలుగు ముద్దలూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియకుండా తీస్తుంటే గుండె మీది బరువు ఒక్కో ముద్దకూ కొంచెం కొంచెం దిగింది. చిన్నమ్మకు అయిదోది వచ్చింది, మంచి నేల. మాకు సగం ఇసుక, సగం మట్టి ఉన్న తొమ్మిదోది. మూడోది ఒక ముసలి దంపతులకు. తోకలోని ఇసుక పడవ మామకు.

మధ్యాహ్నానికి సారు పడవ దిగాడు. వెంట ఇద్దరు మనుషులు, ఇనుప గొలుసు, లావుపాటి పుస్తకం. పడవ మామ ఆయన్ను దించి పక్కకు పోయి ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. ఎవరెవరి భూమి ఎక్కడో చెప్పమని సారు అడిగాడు. బాపమ్మ ఆయనకు చాప వేసి, చల్ల ఇచ్చి, తాగనిచ్చి అప్పుడు మాట్లాడింది.

"నీ గొలుసు మంచిదే సారూ. అచ్చే యేడు గోదారి గీ నేలను యేడ పెడ్తదో నీ గొలుసుకు ఎరుకనా?"

సారు నవ్వాడు. "నాకెలా తెలుస్తుందమ్మా?"

"మాకూ ఎరుకలేదు. అందుకే పద్నాలుగు పేర్లు ఒక్క కాగితం మీద రాయి. మేం పంచుకుంటం."

విడివిడిగా రాయించుకుంటేనే మీకు మేలని, రేపు తగాదాలొస్తే ఉమ్మడి కాగితం ఎవరినీ కాపాడదని సారు ఓపికగా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కొందరు ఆలోచనలో పడ్డారు. అప్పుడు మా బాపు లేచాడు. పదిమందిలో ఆయన మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

"మా అవ్వ చెప్పినట్టే రాయుండ్రి సారూ. గా ఇసుక ఇయ్యాల మామకు పడ్డది. రేపు నాకు పడ్తది."

చిన్నమ్మ అవునంది. ముసలి దంపతులు తలలూపారు. సారు కాసేపు గోదావరి వైపు చూసి, పుస్తకం తెరిచి, ఉమ్మడి అని రాసి పద్నాలుగు పేర్లు ఎక్కించాడు. చిన్నమ్మ ఇంటికి ఆమె పేరే రాయమని బాపమ్మ పట్టుబట్టి రాయించింది.

తర్వాతి ఏడు నేల పంచే రోజు వచ్చింది. బాపమ్మ తాడు తీయగానే పడవ మామ దాన్ని అడిగి తీసుకుని, అందరి ముందూ బారలు వేసి కొలిచాడు. ఒకసారి చాలక రెండుసార్లు కొలిచాడు. ముప్పై ఏళ్లలో ఎవరూ చేయని పని. బాపమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె పక్కన నేను నేలలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. ఆమె బతికినన్నాళ్లూ ప్రతి ఏడూ అలాగే తాడు కొలిచారు, ప్రతిసారీ ఆమె అలాగే నిలబడింది. నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. చెప్పమని ఆమె ఎన్నడూ అడగలేదు.

నాకు పెళ్లయి సుల్తానాబాద్ వైపు వచ్చేశాను. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒకసారి మంచిర్యాలలో కొడుకు దగ్గర ఉంటున్న చిన్నమ్మను చూడటానికి పోయాను. ఆమె భర్త బొగ్గుబావుల నుంచి తిరిగి వచ్చాడు, కొన్నేళ్లకు చనిపోయాడు కూడా. ఆమెకు చూపు తగ్గింది. నేనే కూర్చోబెట్టి తల దువ్వాను. దువ్వుతూ, ఆమె ముఖం నాకు కనిపించదు కాబట్టి, ఆ రోజు నేను చేసిన పని చెప్పాను. బాపమ్మ తాడు ఎన్నడూ తప్పలేదని చెప్పాను.

చిన్నమ్మ అంతా విని, "గది గిప్పుడు చెప్తున్నవా బిడ్డా" అంది. "మాకు గా పొద్దే ఎరుక. మీ బాపమ్మ గురుతులను మట్టిల పెట్టవట్టె. సూసినంక తెల్వనోళ్లు ఎవరుంటరు?"

మరి మామ ఏటా ఆ తాడు ఎందుకు కొలిచాడని అడిగాను.

"కొలవకుంటే మాకు ఎరుకేనని నీకు తెలిసిపోతుండె గద. నువ్వు చిన్నపిల్లవు. మీ బాపమ్మ గంత మాట తన మీద ఏసుకున్నంక, మేం గా పాటి చెయ్యమా?"

దువ్వెన పక్కన పెట్టి ఆమె జడ అల్లసాగాను. ఇసుక వాటా వచ్చి ముఖం తిప్పుకున్న మామ, ఆ తర్వాత ఏడాదికోసారి ఎండలో నిలబడి, అవసరం లేని తాడును రెండేసిసార్లు కొలిచింది నాకోసమన్నమాట. ఒక పిల్ల తలెత్తుకుని పెరగాలని పద్నాలుగు ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి నోరు మెదపలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. వాళ్లలో ఎవరో ఒకరు తప్పు చేసి నా వంక చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నప్పుడు, ఎవరు చేశారని నేను అడగను. మళ్లీ సరిగ్గా చేయడానికి ఏం కావాలో చూసి, అదే పని అదే చేతికి ఇస్తాను.