సీజన్ సారుగారి భార్య

పడవ రేవు దాటి బయటి సముద్రంలో పడిందో లేదో, ఎదురు బెంచీ మీద కూర్చున్న లావుపాటావిడ చప్పట్లు చరిచి, "అయ్యో రామ, మీరు సీజన్ సారు కాదూ!" అంది.

పడవలో సగం మంది తలలు తిప్పారు. సీజన్ సారు కూడా తిప్పాడు కానీ ఆవిడ వైపు కాదు, సముద్రం వైపు. ఆయన పక్కన ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్న భార్య మాత్రం ఆవిడను చూసి నవ్వింది. పొద్దున్నించీ ఆమె ఎవర్ని చూసినా నవ్వుతూనే ఉంది. రేవులో మూటలు మోసేవాణ్ణి చూసి నవ్వింది, టికెట్టు చింపి ఇచ్చినవాణ్ణి చూసి నవ్వింది. ఇన్నేళ్ళ తరవాత దీవికి వెళ్తున్న మనిషి నవ్వక ఏం చేస్తుంది?

"నేనండీ అన్నయ్యగారూ, పళ్ళ డాక్టర్ని! మా ఇద్దర్నీ వానల్లో పంపించారు, గుర్తులేదూ? ఇదుగో మావారు." ఆ పక్కన ఒకాయన అప్పటికే మొహం పాలిపోయి, కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు. ఆయనకి పడవలు పడవు.

"ఆఁ, ఆఁ. బాగున్నారా," అన్నాడు సీజన్ సారు. ఆ పలకరింపులో తలుపు వేసేసిన చప్పుడుంది. డాక్టరమ్మకి వినపడలేదు. నోళ్ళు తెరిపించడమే వృత్తిగా బతికిన మనిషి ఒక తలుపుకి ఆగుతుందా?

సీజన్ సారంటే ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు తక్కువ. బస్సుల అడ్డా పక్క సందులో, మెట్లెక్కి వెళ్తే, ప్రయాణాల ఆఫీసు. ఒక ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీలు, గోడనిండా సముద్రాలు. ఎవరొచ్చి ఏ చోటి పేరు చెప్పినా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏ నెలలో అనుకుంటున్నారు?" అనేవాడు. వాళ్ళు ఏ నెల చెప్పినా ఒక్క క్షణం ఆగి పెదవి విరిచేవాడు. ఆ విరుపులో ఆయన బతుకంతా ఉంది.

అసలు ప్రతి చోటికీ ఒక మంచి కాలం ఉంటుందన్న మాట ప్రయాణాలు అమ్ముకునేవాళ్ళు పుట్టించింది. అక్కడే పుట్టి అక్కడే పోయేవాళ్ళకి అన్ని కాలాలూ ఉంటాయి. వెనకటికి తెరచాపల మీద తిరిగినవాళ్ళు గాలి ఎటు తోస్తే అటు పోయారు, గాలి మళ్ళేదాకా దిగినచోటే ఉన్నారు, అక్కడే ఇల్లు కట్టారు, కొందరు పెళ్ళిళ్ళూ చేసుకున్నారు. మన సెలవు చూసుకుని సముద్రాన్ని సిద్ధంగా ఉండమనడం ఈ కాలపు వింత. ఆ వింతలో సీజన్ సారు ఆరితేరాడు.

ఆయన భార్యని వీధిలో దర్జీ అక్క అంటారు. ఆమె కొత్త బట్టలు కుట్టదు. పాతవాటిని మనిషికి తగ్గట్టు సరిచేస్తుంది. బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం, జిప్పులు మార్చడం, అంచులు దించడం. ముందుగదిలో కిటికీ కింద మిషను. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకి నడుము కొలతలోనే తెలిసేది. చిక్కిపోయినవాళ్ళు కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొట్టేది. సూదులుండగా మాట్లాడకూడదు, కాబట్టి ఆమె దగ్గర రహస్యాలు భద్రంగా ఉండేవి.

మిషను ఎదురుగా గోడకి ఆ దీవి పోస్టరు. పెళ్ళయిన కొత్తలో, ఆఫీసుకి కొత్తవి వచ్చాయని భర్త పాతది చుట్టి తెచ్చాడు. అద్దంలాంటి నీళ్ళు, వాటి మీద చిన్న పడవ, నీళ్ళ అడుగున ఇసక మీద ఆ పడవ నీడ. నీడని చూసి ఆమె మిషను ఆపేసింది.

"నీళ్ళలో దిగితే మన కాళ్ళు మనకి కనపడతాయా?"

"గోళ్ళతో సహా."

"తీసుకెళ్తారా?"

"వానలు వెళ్ళనీ," అన్నాడు.

వానలు వెళ్ళాయి. "ఇప్పుడు జనం తొక్కిసలాట, నీళ్ళు కనపడవు, తలకాయలు కనపడతాయి. పైగా ఆఫీసులో తల గోక్కోడానికి టైముండదే." జనం తగ్గారు. "ఎండలు. మాడు పేలిపోతుంది." ఎండలు తగ్గాయి. "గాలి. ఆ గాలికి ఒడ్డుకి జెల్లీచేపలు కొట్టుకొస్తాయి, తగిలితే ఒళ్ళంతా మంట." అక్కణ్ణించి మళ్ళీ వానలే. ఏడాది గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చేది, ఆయన మాట కూడా దానితోపాటే తిరిగేది. ఆమె నమ్మింది. ఊరు ఊరంతా ఆయన్ని అడిగి బయల్దేరుతుంటే కట్టుకున్న మనిషి నమ్మదా?

ఆయన మాత్రం ఏటా వెళ్ళొచ్చేవాడు. గదులు చూసుకోమని హోటళ్ళవాళ్ళు ఏజెంట్లని పిలిచేవాళ్ళు. మనిషికి ఒక్క పిలుపే, వెంట ఎవరూ రాకూడదు. ఆమే సంచి సర్దేది. వచ్చేటప్పుడు ఆయన హోటలు పేరు అచ్చొత్తిన చిట్టి సబ్బులు తెచ్చేవాడు. ఆ దీవి ఆమెకి ముందు చేతుల వాసనగా తెలిసింది.

ఒక ఏడు ఊరికే ఉండలేక ఆమె ఒక జత కుట్టుకుంది. జీవితంలో కొత్తగుడ్డ కత్తిరించి తనకోసం కుట్టుకున్నది అదొక్కటే. ముదురు నీలం, తడిసినా ఒంటికి అంటుకోని మందపాటి గుడ్డ, మోచేతుల దాకా చేతులు, వదులు పైజామా. సముద్రంలో దిగడానికి. లోపల కుట్టుబడి వెడల్పుగా వదిలింది. వెళ్ళేసరికి లావైతేనో? అయింది. కుట్లు విప్పి వదులు చేసింది. తరవాత జబ్బు చేసి చిక్కింది, మళ్ళీ లోపలికి పట్టింది. ఊరందరి బట్టలూ సరిచేసినట్టే దాన్నీ సరిచేస్తూ వచ్చింది, ఒక్కసారైనా తడవకుండానే. పాత కుట్లున్న చోట గుడ్డ మీద గీతలు పడ్డాయి, చెట్టు కొట్టినప్పుడు కనిపించే వలయాల్లాగా.

దాన్ని చూసినవాడు భర్త ఒక్కడే. ఒక సాయంత్రం మంచం మీద కూర్చుని, గుడ్డ వేళ్ళతో నలిపి చూసి, "ఇంత కుట్టుబడి ఎందుకొదిలావ్?" అని అడిగాడు. ఆయన ఆమె పని గురించి ఏదైనా అడగడం అదే మొదలు. ఆమె పొంగిపోయి అంతా చెప్పింది.

ఇప్పుడు ఆ జత ఆమె ఒళ్ళో గుడ్డసంచిలో ఉంది. ఆయన ఉద్యోగం అయిపోయింది. ఇక సెలవుతో పని లేదు, ఏ నెల కావాలంటే ఆ నెల. ఆయన నింపాదిగా ఆలోచించి, వానల తడి ఆరి జనం ఇంకా రాని సందు చూసి, అన్నిట్లోకీ మంచి వారం ఏరాడు. నిజంగానే సముద్రం పరిచిన చాపలా ఉంది.

"మేం మొదట ఒప్పుకోలేదు వదినగారూ," అంటోంది డాక్టరమ్మ. "వానల్లో దీవేమిటి, మీకు మతి పోయిందా అన్నాను అన్నయ్యగారితో. అప్పుడాయన మీ సంగతి చెప్పారు."

"నా సంగతా?"

"మీదే! పెళ్ళయిన కొత్తలో మీరిద్దరూ వానల్లోనే వెళ్ళారటగా. పడవ దిగుతూనే తడిసి ముద్దయ్యారట. ఈయన గొడుగు పడితే మీరు లాక్కుని సముద్రంలోకి విసిరేశారట! మీ గొడుగు ఆనవాలు దొరుకుతుందేమోనని ఏడాదికోసారి వెళ్ళి వెతికొస్తున్నాం మేం."

దర్జీ అక్క భర్త వైపు చూసింది. ఆయన డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, మీవారికి ఇబ్బందిగా ఉన్నట్టుంది," అన్నాడు.

"ఆయనకి మామూలే. కక్కేస్తే సర్దుకుంటుంది."

"ఇంకా ఏం చేశాను?" అంది దర్జీ అక్క.

"భలేవారే, నా నోట వినాలనా? ఒక చెప్పు అల లాక్కుపోతే, రెండోది మాత్రం నాకెందుకని దానికే ఇచ్చేసి, వట్టికాళ్ళతో దీవంతా తిరిగారట. నా క్లినిక్కుకి వచ్చినవాళ్ళందరికీ ఇదే చెప్తాను. నోట్లో నా చేతులుంటాయి కదా, పాపం, మధ్యలో ఆపమనలేరు. వాళ్ళలో ఎంతమంది వెళ్ళొచ్చారో!"

"అప్పుడు ఈయనేం చేస్తున్నారు?"

"గట్టు మీద కూర్చుని మిమ్మల్నే చూస్తున్నారట. 'మా ఆవిడ అలా నవ్వడం మళ్ళీ నేను చూళ్ళేదు డాక్టరుగారూ' అన్నారు. అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. ఆ నీళ్ళు చూసే మేం బయల్దేరాం, లేకపోతే వానల్లో ఎవరెళ్తారు చెప్పండి?"

దర్జీ అక్క ఇంకా నవ్వుతూనే ఉంది. మొహం మీద మర్చిపోయిన నవ్వు అది.

గొడుగు అబద్ధం, చెప్పు అబద్ధం. పోనీ, అనుకుంది. వ్యాపారం చేసేవాడు నోటికొచ్చింది చెప్తాడు. ఎవరో ఒక ఆవిడని కల్పించుకున్నాడు, ఆవిడ తను కాదు. అలా ఆమె మనసు సర్దుకుంటూ ఉండగానే డాక్టరమ్మ ముందుకి వంగి, గొంతు తగ్గించి, "అది తెచ్చారా?" అంది.

"ఏది?"

"మీరే కుట్టుకున్నారటగా, సముద్రంలో దిగడానికి. ముదురు నీలం. ఎప్పటికీ పనికొచ్చేలా లోపల ఇంతేసి కుట్టుబడి వదిలారట. అది విని నేనూ కుట్టించుకున్నానండీ! మా దర్జీకి ఆ కుట్టుబడి సంగతి చెప్తే, ఎవరమ్మా ఆ తెలివైనావిడ అన్నాడు."

గుడ్డసంచి మీదున్న ఆమె చేతులు బిగుసుకున్నాయి. కడ్డీ దగ్గరున్నాయన ఒక్కసారిగా ముందుకి తూలాడు. డాక్టరమ్మ "వచ్చె, వచ్చె" అంటూ అటు పరిగెత్తింది.



"ఎంతమందికి చెప్పారు?" అంది దర్జీ అక్క.

"అది కాదే."

"వీధిలో నా దగ్గరికొచ్చే వాళ్ళక్కూడానా? నేను వంగి అంచు కొలుస్తుంటే వాళ్ళు పైనించి నన్ను చూసి అనుకునేవాళ్ళా, ఈవిడేనా గొడుగు విసిరింది అని?"

"వానల్లో గదులన్నీ ఖాళీ. హోటళ్ళవాళ్ళు మా పీకల మీద కూర్చునేవాళ్ళు. పోస్టరు చూపిస్తే జనం నమ్మరు. పెళ్ళాంతో వెళ్ళొచ్చానంటే నమ్ముతారు. అందరూ చేసే పనే."

"మరి నన్నెందుకు తీసుకెళ్ళలేదు, ఆ వానల్లోనే?"

ఆయనకి ఈ ప్రశ్న నిజంగా అర్థం కాలేదు. నొచ్చుకున్నాడు కూడా. "నీకెందుకు అబద్ధం చెప్తానే? వానల్లో అక్కడ ఏముంది, బురదా మూసిన కొట్లూ. బయటివాళ్ళకి ఏదో ఒకటి అంటగట్టాను. నీకు మంచిదే చూపించాలని ఆగాను."

"ఆవిడకి అబద్ధం చెప్పారు. ఆవిడ ఏటా వెళ్తోంది."

ఆయన కాళ్ళ దగ్గరున్న పెట్టెలు సర్దాడు.

"నాకు నిజం చెప్పారు."

"ఇప్పుడు తీసుకెళ్తున్నాగా! ఇటు చూడు, ఎలా ఉందో సముద్రం. ఈ ఒక్క వారం ఉంటుంది ఇలా. నీకోసం ఏరి పెట్టాను."

"నేను వెళ్ళొచ్చేశాను కదండీ," అంది ఆమె. "తిరగాల్సిందంతా తిరిగేశాను. చెప్పులు కూడా ఇచ్చేశాను."

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ వినలేదని తేల్చుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దీవి దగ్గరికి వచ్చింది. మొదట పచ్చటి గీత, తరవాత చెట్లు, తరవాత మనుషులు. పడవ చెక్కల వంతెనకి ఆనుకుంది. డాక్టరమ్మ భర్తని రెక్క పట్టుకుని దింపి, తన చెప్పులు విప్పి చేత పుచ్చుకుని, "సాయంత్రం ఒడ్డున కనపడండి వదినగారూ, గొడుగు మాత్రం తేకండి!" అని అరుస్తూ పోయింది. సీజన్ సారు పెట్టెలు రెండూ దింపి భార్య పక్కన పెట్టాడు.

"నువ్విక్కడే ఉండు, సామాను చూస్తూ. హోటలు వ్యాను ఎక్కడుందో కనుక్కుని వస్తాను. ఎండ తగలకుండా ఆ నీడలోకి జరుగు." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "గదిలోంచే కనపడుతుంది సముద్రం. అడిగి మరీ వేయించాను," అన్నాడు.

ఆమె నీడలోకి జరగలేదు. వంతెన చెక్కల సందుల్లోంచి కిందికి చూసింది. నీళ్ళు ఉన్నట్టే లేవు. అడుగున ఇసక, ఇసక మీద వంతెన నీడ, ఆ నీడలో చెక్కకీ చెక్కకీ మధ్య వెలుతురు గీతలు, ఒక వెలుతురు గీతలో వేలెడంత చేప కదలకుండా నిలబడి ఉంది. దిగితే కాళ్ళు కనపడతాయి. గోళ్ళతో సహా. ఆయన అబద్ధం చెప్పలేదు, ఇదే మంచి సీజను.

వంతెనకి ఇంకో పక్క, అదే పడవలో ఊరికి తిరిగి వెళ్ళేవాళ్ళు వరస కట్టారు. ఎండకి కమిలిన ముక్కులు, జుట్టులో ఇసక, చేతుల్లో తడిబట్టల సంచులు. ఎవరి మొహంలోనూ పెద్ద సంతోషం లేదు, ఒకావిడ చెవిలో నీళ్ళు పోయాయని తల వంచి గెంతుతోంది. దర్జీ అక్క వాళ్ళని చాలాసేపు చూసింది. కమిలినవాళ్ళని, తడిసినవాళ్ళని.

"ఏమే! వ్యాను దొరికింది, రా!" అవతలి చివర్నించి భర్త చేతులూపుతున్నాడు. "సామాను వాళ్ళొచ్చి తీసుకుంటార్లే, నువ్వు రా!"

ఆమె పెట్టెలు తిన్నగా ఒక వారకి జరిపింది, ఎవరికీ కాళ్ళకి అడ్డం పడకుండా. గుడ్డసంచి చంకన పెట్టుకుంది. తాడు చుడుతున్న పడవవాడు ఆమెని గుర్తుపట్టి, "ఏమ్మా, పడవలో ఏమన్నా మర్చిపోయారా?" అన్నాడు.

"లేదు బాబూ. జరుగు."

వాడు జరిగాడు. దర్జీ అక్క తడిబట్టలవాళ్ళ వరస చివర చేరి, వాళ్ళతోపాటే అడుగులో అడుగు వేసుకుంటూ పడవ వైపు నడిచింది.