కూర్చోని ఆటగాడు

ఆయన పేరు నేనడగలేదు. కానీ ఆ మోకాలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్ దగ్గర నేనూ మా ఆవిడా బస్సెక్కాం. ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీ వేసుకున్న ఒక తెల్లాయన కడ్డీ పట్టుకుని, బరువంతా ఎడమకాలి మీద మోపి నిలబడ్డాడు. కుడి మోకాలు వాచి ప్యాంటు బిగుసుకుపోయింది. పక్కనే సీటు ఖాళీగా ఉంది.

"కూర్చోమనండి ఆయన్ని. కాలు కింద పెట్టలేకపోతున్నాడు," అంది మా ఆవిడ.

నేను చెబితే తల అడ్డంగా ఊపాడు. "వెనక మా కోచ్ ఉన్నాడు," అన్నాడు ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "వచ్చే వారం నా కాంట్రాక్టు సంగతి తేలుస్తారు. నేను మిడ్‌ఫీల్డర్‌ని, మైదానమంతా పరిగెత్తడమే నా పని. మా బల్గేరియాలో, సైప్రస్‌లో, మలేషియాలో, ఎక్కడా నొప్పి అనలేదు. అంటే మర్నాడు నా చోట ఇంకొకడుంటాడు."

"నొప్పి అని చెప్పుకోనివ్వనిది, అదీ ఒక ఉద్యోగమేనా?" మా ఆవిడ తెలుగులోనే కడిగేసింది.

క్లెమెంటి స్టాపులో కోచ్ దిగుతూ ఆయన భుజం తట్టాడు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. తలుపులు మూసుకున్నాక సీట్లో కూలబడి, మోకాలిని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాకు కోచ్ మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపమొచ్చింది. నోరు లేదా మనిషికి?

మొన్న నాకు నడుం పట్టేసింది. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే వర్క్ పాస్ రెన్యువల్ దగ్గరపడింది. మీటింగులో నా మొహం చూసి మా మేనేజర్, "ఓకే ఆ?" అన్నాడు సింగపూర్ యాసలో.

"ఓకే లా," అన్నాను నేనూ అదే యాసలో. లేచి నిలబడి మరీ అన్నాను.